అత్తయ్యగారికి టీవీ ముందు వ్యాయామం: మా ఇంట్లో ఎలా అలవాటు చేశామంటే

మాది గుంటూరు బ్రాడీపేట. మా అత్తయ్యగారికి 74 ఏళ్లు, షుగరూ, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. మే నెలలో పొద్దున ఎనిమిదికే ఎండ మాడ్చేస్తుంది. నడక మానేస్తే ఆవిడకి కాళ్లు బిగుసుకుపోతాయి. అందుకే హాల్లో ఉన్న స్మార్ట్ టీవీతోనే వ్యాయామం మొదలుపెట్టించాను.

ముందు రిమోట్ సంగతి చూడండి. అన్ని బటన్లు చూస్తే పెద్దవాళ్లకి కంగారు. మైక్ బటన్ మీద ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టాను. మా టీవీ సెట్టింగ్స్‌లో తెలుగు పెట్టి, ఆ బటన్ నొక్కి పట్టుకుని "కుర్చీలో వ్యాయామం" అంటే వీడియోలు వస్తాయి. ఆవిడ నొక్కి వెంటనే వదిలేసేవారు. "ఇది నా మాట వినట్లేదే అమ్మాయ్" అనేవారు. మాట పూర్తయ్యేదాకా వేలు తీయకూడదని నాలుగు రోజులు పక్కన కూర్చుని చేయించాను. ఇక్కడ ఓపిక పడితే మిగతాదంతా తేలికే.

చేతులున్న గట్టి చెక్క కుర్చీ గోడకి ఆనించి వేయండి. ప్లాస్టిక్‌ది జారుతుంది, వద్దు. కింద చాప, పట్టా తీసేయండి. డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదపాలని, మూడు రోజులైనా తూలకుండా నిలబడే కసరత్తులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేం రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టాం. కళ్లు తిరిగినా, గుండెల్లో నొప్పిగా ఉన్నా వెంటనే ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి.

ఒక్కరే చేస్తే ఈ అలవాటు నిలవదు. మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి సాయంత్రం ఆరున్నరకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తుంది. ఫోన్, టీవీ ఒకే వైఫైలో ఉంచి, ఫోన్ తెర మీది బొమ్మని టీవీలో చూపించే స్క్రీన్ కాస్ట్ నొక్కుతాను. ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ టీవీ నిండా వస్తుంది. మా టీవీలో మాట మాత్రం ఫోన్‌లోంచే వినిపిస్తుంది, అందుకని దాన్ని ఆవిడ ఎదురుగా స్టూలు మీద నిలబెడతాను. కూతురు చేతులెత్తితే ఈవిడా ఎత్తుతారు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో ఉచితంగా డాక్టర్‌తో మాట్లాడేటప్పుడూ ఇదే పద్ధతి.

ఒక జాగ్రత్త. ఒకసారి ఏదో వీడియోలో కషాయం గురించి విని, అత్తయ్యగారు షుగర్ మాత్ర రెండు రోజులు మానేశారు. నాకు చెప్పలేదు. మూడో రోజు మాత్రల అట్ట చూసి తెలుసుకున్నాను, ఎంత టెన్షన్ పడ్డానో! అప్పటి నుంచి టీవీ పక్కన నోటు పుస్తకం పెట్టాను. మందు గురించి ఏం విన్నా అందులో రాస్తారు, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పుస్తకమే చేతికిస్తాం.