చలికాలమంతా మూసి ఉంచే క్యాంపర్‌లో పక్కబట్టలు దాచడం

చలికాలం ముందు క్యాంపర్ (లోపలే వండుకుని పడుకునే ప్రయాణ బండి) మూసేటప్పుడు నీళ్ల గొట్టాలు ఖాళీ చేయడం, బ్యాటరీ తీసి పక్కన పెట్టడం అందరికీ గుర్తుంటుంది. దుప్పట్లు, దిండ్లు మాత్రం ఎక్కడివక్కడ మడతపెట్టి, మంచం కింద అరలోకి తోసి తలుపేస్తాం. మొదటి ఏడాది నేనూ అంతే. అమ్మ చేత్తో కుట్టి ఇచ్చిన బొంతని ఉతికి, ఒక పూట ఎండలో వేసి, సాయంత్రం తీసి మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి చొరబడకుండా మూతి బిగించి కట్టాను. చలి పోయాక విప్పితే ముందు ముక్కవాసన గుప్పుమంది. పైపొర శుభ్రంగానే ఉంది. మడత విప్పేసరికి, అంచు కుట్టు వెంబడి ఆవగింజల్లాంటి నల్లచుక్కలు వరసగా కనిపించాయి. ఎన్నిసార్లు ఉతికినా అవి పోలేదు. బూజు నూలు పోగులోకి దిగాక దాన్ని చంపగలం కానీ మరక మిగిలిపోతుంది.

ఆ సంచికి ఎక్కడా చిల్లు లేదు. చెమ్మ బయటి నుంచి రాలేదు, నేనే లోపల పెట్టి కట్టాను. అప్పట్నుంచి ఏ పెట్టె, ఏ సంచి అన్నది నాకు రెండో మాట. పెట్టే రోజున బట్ట నిజంగా ఆరిందా లేదా అన్నదే మొదటి మాట.

చేత్తో తడిమి ఆరిందనుకోవద్దు. ఎండలోంచి తీసిన బట్ట వెచ్చగా ఉంటుంది, వెచ్చగా ఉన్నదేదైనా పొడిగానే తోస్తుంది. లోపలి దూదిలో, నాలుగు మూలల్లో, మూడు నాలుగు పొరలు కలిసిన అంచు కుట్టులో తడి అలాగే ఉండిపోతుంది. పైగా నూలుది తేమని పట్టుకునే స్వభావం. గాలిలో తేమ 65 శాతం ఉన్న రోజున కిలో నూలు బట్ట 70, 80 గ్రాముల నీటిని తనలో ఉంచుకుంటుంది, ముట్టుకుంటే ఏమీ తెలియదు. ఉన్ని అంతకు రెట్టింపు దాచుకుంటుంది. పాలియెస్టర్ దాదాపు ఏమీ పట్టుకోదు.

అందుకని నేను తూచి చూస్తాను. ప్రయాణాల్లో పెట్టెలు తూచుకునే చేతికాటా ఒకటి ఉంటే చాలు. ఆరేసిన బొంతని చుట్టచుట్టి, తాడు కట్టి కొక్కేనికి తగిలించి అంకె రాసుకుంటాను. మళ్లీ మూడు గంటలు ఎండలోనో, డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీదో, వెచ్చని గదిలో దండెం మీదో వేసి ఇంకోసారి తూస్తాను. కిందటి ఏడాది మా పెద్ద బొంత ‘ఇక ఆరిపోయింది’ అనుకున్నప్పుడు 2 కిలోల 420 గ్రాములు తూగింది. మర్నాడు మధ్యాహ్నానికి 2 కిలోల 270. ఆరిందనుకున్న బొంతలో దగ్గర దగ్గర ఒక గ్లాసెడు నీళ్లు ఉన్నాయన్నమాట! వరసగా రెండుసార్లు ఒకే తూకం వచ్చేదాకా పెట్టె జోలికి వెళ్లను. ఆ చివరి తూకాన్ని చిన్న చీటీ మీద రాసి బొంత మడతలో పెడతాను. ఆ చీటీతో పని చలికాలం పోయాక ఉంటుంది. ఇంకో సంగతి, బట్ట వెచ్చగా ఉండగా మూత పెట్టొద్దు. పూర్తిగా చల్లారాక మడవండి.

ఉతకడం గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఒక్క రాత్రి కప్పుకున్నదైనా, అసలు వాడకుండా అరలో ఉన్నదైనా ఉతకాల్సిందే. ఒంటి జిడ్డు, చెమట కంటికి కనపడకుండా ఉండిపోయి నెలల తరబడి గాలికి పసుపు మరకలుగా తేలతాయి. చిమ్మటలు వాలేదీ అక్కడే. సబ్బు ఒకటికి రెండుసార్లు జాడించి పోగొట్టండి. మెత్తదనం కోసం వేసే ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ ఈ ఉతుక్కి వద్దు, అది పోగు మీద పొరలా ఉండిపోతుంది. గంజి అసలే వద్దు, సిల్వర్‌ఫిష్ పురుగులకి అది తిండి.

ఇప్పుడు ఏది క్యాంపర్‌లో ఉంచాలి, ఏది ఇంటికి తేవాలి? ఇంట్లో ఒక్క అర ఖాళీ ఉన్నా ముందు ఉన్ని కంబళ్లు, ఈకల రజాయిలు, మెమరీ ఫోమ్ దిండ్లు, పసిపిల్లల బట్టలు తెచ్చేయండి. పోతే మనసు కష్టపడేదేదైనా తెచ్చేయండి. అమ్మ కుట్టిన బొంత ఆ ఏడాది నుంచి చలికాలం ఇంట్లోనే ఉంటోంది. నూలు దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు, పాలియెస్టర్ నింపిన రజాయిలు క్యాంపర్‌లో ఉండగలవు, సరిగ్గా పెడితే.

సరిగ్గా పెట్టడమంటే ఏమిటో తెలియాలంటే మూసిన క్యాంపర్‌లో రాత్రిపూట ఏం జరుగుతుందో తెలియాలి. పగలు ఎండకి లోపల వేడెక్కుతుంది. పరుపులోంచి, చెక్కలోంచి, తివాచీలోంచి తేమ గాలిలోకి వస్తుంది. రాత్రి గోడల రేకు చల్లబడుతుంది. 20 డిగ్రీల గాలిలో తేమ 50 శాతం ఉందనుకోండి, ఆ గాలి 9 డిగ్రీల గోడని తాకితే చాలు, నీటి బొట్లు కడతాయి. చల్లటి గ్లాసు బయట చెమట పట్టినట్టే. రోజూ ఇదే తంతు. అందుకే పెట్టెని బయటి గోడకి ఆనించకూడదు, నేల మీద పెట్టకూడదు. నేను క్యాంపర్ మధ్యలో, భోజనాల బల్ల మీద, గోడకి ఒక జానెడు దూరంలో పెడతాను. మంచం కింద అర చూడ్డానికి అనువుగా ఉంటుంది కానీ మొత్తం క్యాంపర్‌లో గాలి ఆడనిదీ, చల్లనిదీ అదే.

పెట్టె విషయానికొస్తే, మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉండి, నాలుగు వైపులా క్లిప్పులు పడే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు నాకు నచ్చాయి. ఎలుకల బెడద ఉన్నచోట రేకు పెట్టె ఇంకా మంచిది, ప్లాస్టిక్‌ని అవి కొరికేస్తాయి. గాలి లాగేసే వాక్యూమ్ సంచులు దుప్పట్లకి పరవాలేదు. ఈకల రజాయిని, ఫోమ్ దిండుని నెలల తరబడి అలా అణిచి ఉంచితే మళ్లీ పొంగవు. అవి మెత్తగా ఉండేదే లోపలి గాలి వల్ల. బట్టల్ని పెట్టెలో కుక్కొద్దు, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.

పెట్టెలో తేమని పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలు ఒకటీ రెండూ సరిపోవు. పెద్ద పెట్టెకి పావుకిలో దాకా వేస్తాను. రంగు మారే గింజలైతే నిండిపోయినట్టు చూడగానే తెలుస్తుంది. అప్పుడు పొట్లం లోంచి గింజల్ని పళ్లెంలో పోసి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. తేమని పీల్చి డబ్బా అడుగున నీళ్లుగా నింపే కాల్షియం క్లోరైడ్ డబ్బాల్ని మాత్రం బట్టల పెట్టెలో ఎప్పుడూ పెట్టకండి. ఆ నీళ్లు ఉప్పునీళ్లు. ఒలికితే బట్ట ఆరనే ఆరదు, కింద ఇనుము ఉంటే తుప్పు పడుతుంది. పెట్టాలనుకుంటే సింక్‌లో పెట్టండి, ఒలికినా అందులోనే ఉంటుంది.

కలరా ఉండలు వేస్తే పోలా అని చాలామంది అడుగుతారు. ఈ విషయంలో నేను గట్టిగా వద్దంటాను. క్యాంపర్ చిన్న మూసిన గది. ఆ ఆవిరి పరుపులోకి, తెరల్లోకి దిగిందంటే నెలలు గడిచినా పోదు, మనం అందులోనే పడుకోవాలి. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పసిపిల్లలకి, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ పట్టిన దుప్పటి కప్పితే ఎర్ర రక్తకణాలు పగిలి ప్రాణం మీదికి రావచ్చు. ఏ బిడ్డకి ఆ లోపం ఉందో ముఖం చూసి చెప్పలేం. ఉన్ని కంబళిలో చిమ్మట ఉందని అనుమానమైతే గట్టిగా మూసిన సంచిలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. గుడ్లతో సహా చస్తాయి. దేవదారు చెక్కలు, లావెండర్ సంచులు వాసనకి బాగుంటాయి, వాటిని నమ్ముకుని ఉతక్కుండా ఉండొద్దు.

పరుపు అక్కడే ఉంటుంది కాబట్టి దాని సంగతి. పడుకోబెట్టి వదిలేసిన పరుపుకి పైన దుమ్ము, కింద బూజు. పరుపుని నిలువుగా లేపి, రెండు వైపులా గాలి ఆడేట్టు గదిలో అడ్డంగా నిలబెట్టండి. అంత చోటు లేకపోతే కింద నాలుగు చెక్క ముక్కలు పెట్టి ఎత్తి ఉంచినా మేలే. ఉతకడానికి వీలైన తొడుగు ఉంటే తీసి ఉతకండి. అలమరాల తలుపులు, సొరుగులు, ఫ్రిజ్ తలుపు అన్నీ తెరిచే వదలండి. వాన పడకుండా పైన టోపీ ఉన్న కప్పు కిటికీ అయితే ఒక వేలెడు సందు ఉంచండి.

ఎలుకలకి నూలు, ఫోమ్ రెండూ గూడు సామాను. పెన్సిల్ దూరే కన్నం, అంటే 6 మిల్లీమీటర్లు, చిట్టెలుకకి చాలు. చీకటి పడ్డాక లోపల గట్టి లైటు వెలిగించి, మా ఆయన క్యాంపర్ కిందకి దూరి చూస్తారు. ఎక్కడ వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడ సుద్దతో గీత పెడతారు. మొదటిసారి ఏడు చోట్ల కనిపించింది. నీళ్ల గొట్టం, గ్యాస్ గొట్టం, వైర్లు లోపలికి వచ్చే చోట్లే అన్నీ. ఆ కన్నాల్ని రాగి తీగపీచుతో గట్టిగా కూరి, పైన సీలెంట్ రాశాం. మామూలు ఇనప పీచు అయితే తడికి తుప్పు పట్టి రాలిపోతుంది. గాలి రావడానికని ఉంచిన రంధ్రాల్ని మాత్రం మూయకండి, వాటికి సన్నటి ఇనప వల బిగించండి. గ్యాస్ పరికరాలకి ఆ గాలి కావాలి. విషం పెట్టొద్దు. తిన్న ఎలుక గోడలోకి వెళ్లి చస్తే ఆ వాసన వదిలించడం చేతకాదు. బోను మేలు.

నెలకోసారి, వానా మంచూ లేని పొడి రోజు చూసుకుని వెళ్లి రెండు గంటలు తలుపులు తెరిచి పెట్టండి. లోపల తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి వేలాడదీయండి. 60 శాతం దాటి వారాల తరబడి ఉంటోందంటే సింక్‌లో పెట్టిన డబ్బా మార్చాల్సిన వేళ. బట్టల పెట్టెల్ని మాత్రం ఊరికే తెరవకండి, తెరిచిన ప్రతిసారీ బయటి తేమ లోపలికి పోతుంది.

చలి పోయి మళ్లీ తెరిచిన రోజున ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురు పట్టొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. కొన్ని ఎలుకల రెట్టలో హంటావైరస్ ఉంటుంది, ఆ దుమ్ము పీల్చడం ప్రమాదం. అరగంట తలుపులు తెరిచి బయట ఉండండి. తర్వాత చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికలు నానేలా చల్లి, ఐదు నిమిషాలాగి కాగితంతో తుడిచి పారేయండి. అక్కడ ఉన్న బట్టల్ని దులపకుండా నేరుగా వేడినీళ్లలో ఉతకండి.

ఇక ఆ చీటీ. పెట్టె తెరవగానే ఒక్కో బొంతని, రజాయిని మళ్లీ కాటాకి వేసి చీటీ మీది అంకెతో పోల్చి చూస్తాను. ఈ ఏడాది రెండు పెట్టెల్లో ఇరవై, ముప్ఫై గ్రాముల తేడా వచ్చింది, అది లెక్కలోది కాదు. మూడో పెట్టెలోని బొంతకి 110 గ్రాములు పెరిగింది. వాసన లేదు, మరక లేదు. మూత తిరగేసి రబ్బరు పట్టీ వెంబడి వేలు పోనిస్తే ఒక మూల చీలిక తగిలింది. ఆ బొంత మర్నాడంతా ఎండలో ఉంది. పెట్టెని గిన్నెలకి వాడుతున్నాను.