గుండె మాత్రలు మొదలయ్యాక జుట్టు ఊడుతుంటే: ముందు తేదీలు, తర్వాత థైరాయిడ్

లక్షణం: దువ్వెన నిండా వెంట్రుకలు, బాత్రూం జాలీ దగ్గర ఉండలు. తలంతా సమంగా పలచబడుతుంది, రాలిన వెంట్రుక మొదట్లో చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తుంది.

మాత్ర మీద నింద వేసే ముందు పాత చీటీలన్నీ తీసి తేదీలు వరసగా రాయండి. అందరూ వదిలేసే పని ఇదే. కుదురు దెబ్బతిన్నాక వెంట్రుక రాలడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. పోయిన వారం మొదలైన మాత్ర దోషి కాదు. మూడు నెలల కిందట బైపాస్‌, హార్ట్ ఎటాక్, డెంగీ ఏమైనా అయ్యాయా? అదే కారణమైతే సాధారణంగా ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

తేదీలు మాత్రతోనే కలిస్తే అనుమానం మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ల మీదో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, ఎసినోకుమరాల్ మీదో. మార్చాల్సింది గుండె డాక్టరే. బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపితే గుండెనొప్పి తిరగబెడుతుంది, ఎటాక్ కూడా రావచ్చు.

ఇక అసలు దొంగ. గుండె లయ తప్పినవాళ్లకిచ్చే అమియోడరోన్ 200 ఎంజీ మాత్రలో సుమారు 75 ఎంజీ అయోడిన్ ఉంటుంది. ఒంటికి రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములే. థైరాయిడ్ దెబ్బతిని జుట్టు ఊడుతుంది, నీరసం, మలబద్ధకం తోడవుతాయి. అందుకే ఆరు నెలలకోసారి రక్తంలో థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ చూడాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: జుట్టు కోసం అప్పటికే మెడికల్ షాపులో బయోటిన్ (ఒక బి విటమిన్) 10 ఎంజీ కొనుక్కుని మింగుతుంటారు. రోజుకు చాలేది 30 మైక్రోగ్రాములు. బయోటిన్‌ను వాడుకుని పనిచేసే ల్యాబ్ కిట్లలో ఆ మిగులు టీఎస్‌హెచ్‌ను తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. మందకొడి థైరాయిడ్ రిపోర్టులో నార్మల్‌గానో, ఎక్కువ పనిచేస్తున్నట్టో కనిపిస్తుంది. జబ్బు దాక్కుంటుంది, జుట్టు ఊడుతూనే ఉంటుంది.

ఇంకా ప్రమాదం హార్ట్ ఎటాక్‌ను పట్టే రక్తపరీక్ష ట్రోపోనిన్‌తో. ఛాతీనొప్పితో వెళ్తే ఎటాక్ ఉన్నా రిపోర్టు తక్కువ చూపవచ్చు. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. కాబట్టి జుట్టు మాత్ర అట్ట మీద బయోటిన్ ఎంతుందో చదవండి. డాక్టరుకు చెప్పి, రక్తం ఇచ్చే ముందు మూడు రోజులు ఆ జుట్టు మాత్ర మాత్రమే ఆపి, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్లీ చేయించండి. ఎమర్జెన్సీలో అయితే బయోటిన్ వేసుకున్న సంగతి మొదటి మాటగా చెప్పండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి వాడేవాళ్లకు కడుపులో రక్తం కారి ఇనుము తగ్గి జుట్టు ఊడొచ్చు, ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకోవాలి. మలం నల్లగా వస్తే మాత్రం జుట్టు సంగతి పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

వార్ఫరిన్ మీదున్నవాళ్లు జుట్టు కోసమని కొత్తగా మునగాకు పొడి దండిగా మొదలుపెట్టొద్దు, అందులోని విటమిన్ కె, రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్‌ను దించేస్తుంది. జుట్టు కోసం వాడే మినాక్సిడిల్ మాత్ర మొదట బీపీ మందే. ఒంట్లో నీరు పట్టించి గుండె వేగం పెంచుతుంది, సొంతంగా వద్దు. స్టాటిన్లతో ఊడటం అరుదు, వాటి మీద సమయం వృథా చేయకండి.