కొండల్లో స్కీయింగ్, పాఠం 6: వసంతకాలపు మంచు, నిన్నటి రాత్రి

రోజువారీ అవలాంచ్ (వాలు మీది మంచు ఊడి జారిపడటం) సూచనను ఎలా చదవాలో గత పాఠంలో చూశాం. ఒకటి నుంచి ఐదు దాకా ప్రమాద స్థాయిలు, వాటి రంగులు, ఏ ఎత్తులో ఏ దిక్కు వాలు మీద జాగ్రత్తపడాలన్నది మీకు ఈపాటికి అలవాటై ఉంటుంది. చిక్కేమిటంటే, వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ కొండలకు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఇచ్చే ఆ రోజువారీ సూచన ఏప్రిల్ మధ్యకల్లా దాదాపు ఆగిపోతుంది. రెయినియర్, బేకర్, ఆడమ్స్, సెయింట్ హెలెన్స్ కొండల మీద స్కీయింగ్ బాగుండేదేమో ఏప్రిల్, మే నెలల్లో. పగలు పొడవుగా ఉండి, ఎండ కాసి, జనం ఎక్కువగా కొండెక్కే రోజుల్లోనే పొద్దున్నే ఫోన్ తీస్తే చెప్పేవాళ్లు ఉండరు. ఆ లెక్క మనమే కట్టుకోవాలి. ఈ పాఠం దాని గురించే.

రెడ్మండ్, బెల్వ్యూ వైపు ఉంటూ స్నోక్వాల్మీ రిసార్ట్‌లో స్కీ నేర్చుకుని, ఇప్పుడు రిసార్ట్ హద్దు దాటి బయటికి వెళ్లాలనుకుంటున్న మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. రిసార్ట్ లోపల మీరు లేవకముందే రిసార్ట్ గస్తీ సిబ్బంది అనుమానమున్న వాలుల్ని పేలుడు పదార్థాలతో దులిపేసి ఉంటారు. బయట ఆ పని ఎవరూ చెయ్యరు.

చలికాలానికీ వసంతానికీ తేడా

చలికాలపు పలక జారడం గురించి నాలుగో పాఠంలో చెప్పుకున్నాం. కింద ఒక బలహీనమైన పొర, దాని మీద గట్టి పలక, ఆ పైన మనిషి బరువు. అక్కడ ప్రమాదం రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి అలాగే దాగి ఉంటుంది. వసంతంలో కథ నడిపేది నీరు. మంచు మొత్తం, పైనుంచి నేల దాకా, సున్నా డిగ్రీలకు చేరుకుంటుంది. ఆ స్థితిలో కాస్త ఎండ తగిలినా, వాన పడినా కరిగిన నీరు రేణువుల మధ్యలోకి దిగుతుంది. కొంచెం తడి ఉన్నంతవరకు రేణువులు ఒకదాన్నొకటి బాగానే పట్టుకుంటాయి. తడి ఎక్కువైతే వాటి మధ్య ఉన్న అతుకులు కరిగిపోతాయి. పొద్దున ఏడింటికి బూటు దిగని వాలు మధ్యాహ్నం పన్నెండింటికి మోకాలి దాకా లాగేస్తుంది.

నీరు నేరుగా కిందికి పోదు. లోపల పాత గట్టి పెచ్చు ఏదైనా అడ్డొస్తే దాని మీద నిలిచి పక్కలకు పాకుతుంది, ఆ పెచ్చుకు పైనున్న మంచుకు పట్టు తప్పిస్తుంది. అందుకే ఏడాదిలో మొట్టమొదటి పెద్ద వేడికి, మొట్టమొదటి పెద్ద వానకు అంత భయపడాలి. నాలుగైదు సార్లు నానిన మంచులో నీరు దిగిపోవడానికి దారులు ఏర్పడతాయి, ఆ తర్వాత అది కొంత స్థిమితపడుతుంది. కాస్కేడ్ కొండల్లో చలికాలంలోనూ వానలు పడుతుంటాయి కాబట్టి ఇక్కడి మంచు ముందే కొంత రాటుదేలి ఉంటుంది. కొలరాడోలో అలా కాదు. అక్కడ నేలకు ఆనుకుని పంచదారలా రాలిపోయే మంచు పొర చలికాలమంతా పొడిగా కూర్చుని ఉంటుంది. వసంతంలో మొదటిసారి దానికి తడి తగిలితే వాలు వాలంతా నేల కనబడేలా ఊడి రావచ్చు. డెన్వర్‌లో ఉన్నవాళ్లు ఈ పాఠాన్ని ఇక్కడి కొండల పాఠంగానే చదవండి, యథాతథంగా అక్కడ వాడొద్దు.

రాత్రి గడ్డకట్టిందా లేదా

ఇదే ఈ పాఠానికి గుండెకాయ. వసంతంలో ఈరోజు ఎండ ఎంత కాస్తుందన్నది రెండో ప్రశ్న. నిన్న రాత్రి మంచు మళ్లీ గడ్డకట్టిందా అన్నది మొదటి ప్రశ్న. గడ్డకడితే నిన్న పగలు వదులైన రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని రాయిలా అవుతాయి, పొద్దున కొన్ని గంటలు మనకు గట్టి నేల దొరుకుతుంది. కట్టకపోతే నిన్నటి బలహీనత అలాగే ఉండి, దాని మీద ఇవాళ్టి ఎండ వచ్చి చేరుతుంది.

చాలామంది రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత చూసి తేల్చేస్తారు. సున్నా కంటే తక్కువుంటే గడ్డకట్టినట్టు, ఎక్కువుంటే లేనట్టు. ఇది సగమే నిజం. వాతావరణ కేంద్రం కొలిచేది గాలి వేడిని. మంచు ఉపరితలం మాత్రం ఆకాశం వైపు నేరుగా వేడిని వదులుతూ ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటే ఆ వేడి పోయిందంటే పోయినట్టే, ఉపరితలం గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. మబ్బు ఉంటే అది దాదాపు అంత వేడినీ తిరిగి కిందికి పంపిస్తుంది. మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోస్తుందనీ, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి కొరికేస్తుందనీ మన ఊళ్లలో డాబా మీద పడుకున్నవాళ్లెవరికైనా తెలుసు. కొండ మీద జరిగేదీ అదే.

ఒక లెక్క చేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. రెయినియర్ దక్షిణ వైపున ప్యారడైజ్ 5,400 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ వాతావరణ కేంద్రం ఉంది. ఇంకా పైన, పదివేల అడుగులు దాటాక క్యాంప్ మ్యూర్ దగ్గర మరొకటి ఉంది. శుక్రవారం రాత్రి ప్యారడైజ్‌లో 2 డిగ్రీలు, ఆకాశం తేట, గాలి నెమ్మది, తేమ తక్కువ. శనివారం రాత్రి 0 డిగ్రీలు, రాత్రంతా దట్టమైన మబ్బు. ఏ రాత్రి తర్వాత మంచు గట్టిగా ఉంటుంది? శుక్రవారం తర్వాతే. ఉష్ణోగ్రత మాత్రమే చూసినవాడు శనివారం రాత్రిని నమ్మి ఆదివారం ఉదయం వెళ్తాడు. పైన పలుచని పెచ్చు, కింద తడి ముద్ద అతనికి ఎదురవుతాయి.

గడ్డకట్టడానికి సమయం కూడా కావాలి. నీరు మంచుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది, ఆ వేడి కూడా బయటికి పోతేనే కింది పొరకు వంతు వస్తుంది. అందుకే రాత్రి పదింటికే మబ్బు విడిచిన రాత్రికీ, తెల్లవారుజామున నాలుగింటికి విడిచిన రాత్రికీ చాలా తేడా. రెండోదానిలో పైపెచ్చు మాత్రమే తయారవుతుంది, అది సూర్యుడు పొడిచిన కాసేపటికే పోతుంది. ఇలా సరిగ్గా గడ్డకట్టని రాత్రులు వరసగా రెండు మూడు వస్తే నేనైతే నిటారు వాలుల జోలికే పోను. బయట వేడి ఎంత అన్నది ఇక చూడను కూడా.

కార్ పార్కింగ్ దగ్గర తెలిసేది తక్కువ. చెట్ల కింద మంచుకు చెట్ల కొమ్మలే మబ్బులా పనిచేస్తాయి, అక్కడ మెత్తగా ఉన్నంత మాత్రాన పైన కూడా అలాగే ఉందనుకోనక్కర్లేదు. చెట్లు దాటి బయటపడ్డాక ఆగండి. స్కీ పోల్‌ను తిప్పి పిడి వైపు మంచు మీద కొట్టి చూడండి. టక్కుమని గట్టి చప్పుడు రావాలి. తర్వాత స్కీ విప్పి, ఒంటికాలి మీద బరువంతా వేసి నిలబడండి. బూటు అంచు మాత్రమే గుచ్చుకుంటే మంచిది. పెచ్చు పగిలి కాలు చీలమండ దాకా దిగి, తీసి చూస్తే బూటు చుట్టూ తడిగా మెరుస్తుంటే మీకు జవాబు దొరికినట్టే. పారతో ఒక చిన్న గుంట తీసి పెచ్చు మందం కూడా చూడండి. అరచేతి వెడల్పంత మందం ఉంటే ఉదయమంతా మీదే. వేలు మందమే ఉంటే తేలికైన వాలుతో సరిపెట్టుకుని ఇంటికి రండి.

గడియారం, దిక్కులు

రాత్రి పరీక్ష పాసైతే మిగిలింది సమయం లెక్క. సూర్యుడు ముందు తూర్పు వాలుల్ని తాకుతాడు, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. ఉత్తర వాలుల మీద మంచు ఏప్రిల్‌లో కూడా చలికాలపు గుణాలతోనే ఉండొచ్చు, అక్కడ నాలుగో పాఠం వర్తిస్తుంది. గట్టిపెచ్చు పైన రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే మెత్తబడి, కింద గట్టిగా ఉన్న ఆ కొద్దిసేపు స్కీయింగ్‌కు స్వర్గం. జొన్నగింజలంత రేణువులు స్కీ కింద గలగలమంటూ జారతాయి. పెచ్చు ఇంకా కరగకముందే దిగితే స్కీ అంచులు పట్టవు, జారితే ఆగడం కష్టం. ఆలస్యంగా దిగితే తడి. ఆ అదను ఒక్కో వాలుకు ఒక్కో సమయంలో వస్తుంది.

సెయింట్ హెలెన్స్‌నే తీసుకోండి. వసంతంలో అందరూ ఎక్కే వర్మ్ ఫ్లోస్ దారి దక్షిణం వైపు ఉంది. మార్బుల్ మౌంటెన్ స్నో పార్క్ నుంచి పైనున్న అగ్నిపర్వత బిలం అంచు దాకా సుమారు 5,700 అడుగుల ఎక్కుడు. దిగడానికి పదింటికి సిద్ధంగా ఉండాలంటే చీకట్లో తలకు లైటు పెట్టుకుని బయలుదేరాల్సిందే. ఉప్మా తిని, కాఫీ తాగి, అందరూ వచ్చాక తొమ్మిదింటికి కదిలే బృందానికి ఈ కొండ కుదరదు. మొహమాటం లేకుండా ముందురోజే చెప్పేయండి. పైన బిలం అంచున గాలికి పేరుకున్న మంచు చూరు బయటికి వేలాడుతుంటుంది, పైనుంచి చూస్తే అది నేలలాగే కనబడుతుంది. అది విరిగి లోపలికి పడి చనిపోయినవాళ్లున్నారు. ఫోటో కోసం అంచు దాకా వెళ్లొద్దు, రాతి మీద ఉన్నామని రూఢి అయ్యేంత వెనకే ఉండండి.

వెనక్కి తిరగమని కొండే చెబుతుంది. రాళ్ల పక్కన, చెట్ల మొదళ్ల దగ్గర మంచు ముందుగా వదులవుతుంది. అక్కడి నుంచి చిన్న ముక్క ఊడి, దొర్లుతూ మంచును చుట్టుకుని చక్రంలా లావెక్కుతుంది. గోలీలంత ఉన్నవి ఒకటీ అరా దొర్లితే గడియారం చూసుకోండి. అవి కొబ్బరికాయలంత అవుతున్నాయంటే ఆ వాలు మీద మీ సమయం అయిపోయింది. బూటు చీలమండ దాటి దిగుతున్నా అంతే. ఇంకోటి, మీరు నీడలో చల్లగా ఉండొచ్చు, మీ తలపైన వెయ్యి అడుగుల ఎత్తులో ఉన్న కొండముఖానికి అప్పటికే రెండు గంటలుగా ఎండ తగులుతుండొచ్చు. మీరు నిలబడ్డ మంచు కన్నా మీ పైనున్న మంచు లెక్క ముఖ్యం.

పెందలాడే వెళ్తే చాలా?

"పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి దిగిపోతే ఏమీ కాదు" అనే మాట కొండల్లో తరచూ వినిపిస్తుంది. రాత్రి గడ్డకట్టిన రోజు అది నిజం. కట్టని రోజు ఆ మాటకు విలువ లేదు. దీనికి కాస్కేడ్ కొండల్లోని స్టీవెన్స్ పాస్ అనే కనుమ పక్కనే చరిత్ర ఉంది. 1910 ఫిబ్రవరి చివర్లో గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్ల రెండు రైళ్లు, ఒకటి ప్రయాణికులది, ఒకటి టపాది, వెల్లింగ్టన్ అనే చిన్న స్టేషన్ దగ్గర మంచులో ఇరుక్కుని రోజుల తరబడి నిలిచిపోయాయి. ముందు విపరీతంగా మంచు పడింది. తర్వాత వేడెక్కి వాన, ఉరుములు. రైళ్ల పైనున్న వాలు మీద చెట్లు అంతకుముందు కార్చిచ్చుకు కాలిపోయాయి, మంచును పట్టి ఉంచేదేమీ లేదు. మార్చి 1న వాలు ఊడి రెండు రైళ్లనూ కింద టై నది లోయలోకి ఈడ్చేసింది. 96 మంది చనిపోయారు. అమెరికాలో ఇంతకంటే ఎక్కువమందిని బలిగొన్న అవలాంచ్ లేదు. అది జరిగిన వేళ అర్ధరాత్రి దాటాక, ఒంటిగంట తర్వాత. ఎండ ప్రసక్తే లేదు. ఇప్పుడు ఆ పాత రైలుమార్గం వెంట ఐరన్ గోట్ అనే నడకదారి ఉంది, వేసవిలో వెళ్లి ఆ వాలును కింది నుంచి ఒకసారి చూడండి.

వాన పడుతుంటే మంచి సమయమంటూ లేదు. పలుచని మబ్బు, పొగమంచు ఉన్న వెచ్చని రోజు కూడా అంతే. అలాంటి రోజున వేడి అన్ని వైపుల నుంచీ వస్తుంది, ఉత్తర వాలులు కూడా నానిపోతాయి, పైన చెప్పిన దిక్కుల లెక్క పనిచెయ్యదు. ఏప్రిల్‌లో ఒక అడుగు కొత్త మంచు పడి మర్నాడు ఎండ కాస్తే మరో తిరకాసు. పొద్దున చలికాలపు పలక ప్రమాదం, పదింటి నుంచి తడి మంచు ప్రమాదం. రెండూ ఒకే రోజులో.

జారే తీరులు, క్లుప్తంగా

ఒక బిందువు దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకునే వదులు తడి మంచు వసంతంలో మామూలు. చూడటానికి నెమ్మదిగా ఉంటుంది, కానీ బరువు ఎక్కువ. నిలువునా పూడ్చకపోయినా కాళ్లు పట్టి కొండచరియ అంచు మీదుగా తోసేస్తుంది. కాబట్టి కింద ఏముందో చూడకుండా ఏ వాలూ దిగొద్దు. తడి పలక తక్కువగా వస్తుంది, వస్తే పెద్దదే. మూడోది, నున్నటి బండ మీదున్న మంచు మొత్తంగా నెమ్మదిగా కిందికి పాకుతూ పైన నోరు తెరుచుకున్న పగులు వదులుతుంది. అది ఎప్పుడు ఊడుతుందో నిపుణులు కూడా చెప్పలేరు, రేపైనా కావచ్చు, నెల తర్వాతైనా కావచ్చు. ఆ పగుళ్ల కింద ఆగి శాండ్‌విచ్ తినకండి, అంతే.

తడి మంచు ఆగిన మరుక్షణమే బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ పార దానిలో దిగదు, లోహపుదే ఉండాలి. బీకన్ (మంచులో పూడినవాళ్ల జాడ పట్టే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) సాధన మూడో పాఠంలో ఉంది, ఎండ కాస్తోంది కదా అని కారులో వదిలెయ్యొద్దు.

అభ్యాసం

వారం పాటు రోజూ రాత్రి పడుకునే ముందు ప్యారడైజ్, క్యాంప్ మ్యూర్ కేంద్రాల గాలి వేడి, తేమ, గాలి వేగం నోట్‌బుక్‌లో రాయండి. ఉపగ్రహ చిత్రంలో మబ్బు ఉందో లేదో కూడా. వాటి పక్కన "కట్టింది", "కట్టలేదు", "పైపెచ్చు మాత్రమే" అని మీ అంచనా రాయండి. ఈ వివరాలన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వచ్చే ఏడాది రావాలనుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లూ చెయ్యొచ్చు. శని, ఆదివారాల్లో కొండకెళ్లినవాళ్లు తమ అంచనాను పోల్ దెబ్బతో సరిచూసుకోండి.

ఇక ఒక ప్రశ్న. రాత్రి 1 డిగ్రీ, తెల్లవారుజామున మూడు దాకా మబ్బు, తర్వాత తేట. ఉదయం ఆకాశం నిర్మలం. మీ దారి ఆగ్నేయ వాలు మీద, 35 డిగ్రీల నిటారు. ఎన్నింటికి ఎక్కడుంటారు, ఏం చూసి వెనక్కి తిరుగుతారు? జవాబు నాలుగు వాక్యాల్లో రాసి ఉంచండి. ఏడో పాఠంలో వాలు కోణాన్ని మ్యాప్ మీద కొలవడం నేర్చుకున్నాక ఇదే దారిని మళ్లీ గీస్తాం.