అన్‌లాక్ ఫోన్ కొనేముందు ఇది చూసుకోండి

ఫోన్‌కు నెట్‌వర్క్ లాక్ లేదంటే ఏ కంపెనీ సిమ్ అయినా తీసుకుంటుందని మాత్రమే అర్థం. సిగ్నల్ సరిగ్గా అందాలంటే ఆ కంపెనీ వాడే బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే రేడియో తరంగాల శ్రేణులు, ఫోన్‌లో ఉండాలి.

డయలర్‌లో *#06# కొడితే ఆ ఫోన్‌ను గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. కొన్ని నెట్‌వర్క్ కంపెనీల వెబ్‌సైట్లలో ఆ నంబర్ ఇస్తే ఫోన్ పనికొస్తుందో లేదో చెప్పేస్తాయి. అలాంటి సదుపాయం లేకపోతే సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి మోడల్ నంబర్ చూసి, దాని బ్యాండ్లను మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లతో పోల్చుకోండి. ఫోన్ పేరొక్కటే నమ్మొద్దు. ఒకే పేరుతో ఒక్కో దేశానికి ఒక్కో మోడల్ చేస్తుంటారు, బ్యాండ్లు మారిపోతాయి.

ఎక్కువమంది పట్టించుకోనిది వోల్టీ (VoLTE), అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం. అది లేకపోతే ఒక్కోసారి నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, కాల్ మాత్రం కలవదు! పాత 2జీ, 3జీ ఆపేసిన నెట్‌వర్క్‌లో కాల్ వెళ్లాలంటే వోల్టీ ఉండాల్సిందే. ఫోన్‌లో అది ఉన్నా, కొన్ని కంపెనీలు తాము ఆమోదించిన మోడళ్లకే అనుమతిస్తాయి. అందుకే వీలైతే మీ సిమ్ వేసి ఒక కాల్ చేయండి. మాట్లాడుతుండగానే పైన 4జీ గుర్తు అలాగే ఉందా, 2జీకో 3జీకో పడిపోయిందా చూడండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే మాత్రం డబ్బు కట్టకముందే మోడల్ నంబర్ అడిగి తీసుకోండి.