ఫుకెట్‌లో అద్దె కారు: తాళాలు అందుకోగానే ఒక వీడియో

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో పటాంగ్, కరోన్, కటా బీచ్‌లు చూసుకుంటూ ప్రోమ్‌థెప్ కేప్ దాకా వెళ్లి రావడానికి అద్దె కారు ఎంతో సౌకర్యం, పైగా అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడపాలి; చికాకల్లా, కారు అప్పగించేటప్పుడు ఎప్పటిదో పాత గీతను మన ఖాతాలో వేసి డిపాజిట్‌లో కోత పెట్టడమే.

అందుకని తాళాలు అందుకోగానే, సిబ్బంది పక్కన ఉండగానే, నంబరు ప్లేటుతో మొదలుపెట్టి కారు చుట్టూ నెమ్మదిగా నడుస్తూ, మధ్యలో ఆపకుండా మూడు నాలుగు నిమిషాల వీడియో తీయండి. బంపర్ల కింది అంచులు, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు అద్దం మీది రాతి దెబ్బలు దగ్గరగా చూపండి, ఎందుకంటే పేచీలు ఎక్కువగా వచ్చేది వీటి దగ్గరే. చివరగా ఇంజిన్ ఆన్ చేసి పెట్రోలు ముల్లును, కిలోమీటర్ల అంకెను చూపించి, ఆ వీడియోను అక్కడే వారి లైన్ (అక్కడ వాడే మెసేజింగ్ యాప్) లేదా వాట్సాప్ నంబరుకు పంపితే, పంపిన సమయం ఇద్దరి ఫోన్లలోనూ నమోదవుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడూ ఇలాగే చేయండి. డిపాజిట్‌గా అసలు పాస్‌పోర్టు అడిగితే మాత్రం ఇవ్వకుండా, నకలుతో పాటు నగదో కార్డో ఇస్తామనండి.

రాత్రివేళ, లేదా వానకు తడిసిన కారు మీద సన్నని గీతలు వీడియోలో కనబడవు కాబట్టి, దీపాల కిందికి తెప్పించి, తుడిపించాకే తీయండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెల్లించడానికి నిరాకరించవచ్చు. అప్పుడు ఈ వీడియో ఎందుకూ పనికిరాదు.