అమ్మ నొప్పి మాత్రల డబ్బా బోర్లించి చూశాక

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. నాట్లు వేసీ వేసీ అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రను పొద్దున్నే ఖాళీ కడుపున కాఫీతో వేసుకునేది. మరీ సలిపితే పక్కింటి పెద్దమ్మ ఇచ్చిన ఇంకోటి.

ఒకరోజు "దొడ్డికెళ్తే తారులా నల్లగా పోతా ఉంది రా" అంది. టెన్షన్ పట్టుకుని అప్పటికప్పుడు నెల్లూరు తీసుకెళ్లాను. కడుపులో పుండు పడి రక్తం కారుతోందన్నారు.

ఆ రాత్రి మాత్రల డబ్బా మంచం మీద బోర్లించి అట్టల వెనక చిన్న అక్షరాలు చదివాను. ఒకదాని మీద ఎసిక్లోఫెనాక్, ఇంకోదాని మీద డైక్లోఫెనాక్. పేర్లు వేరు, జాతి ఒకటే. రెండూ కలిపి వేసుకుంటే కడుపుకీ కిడ్నీలకీ దెబ్బ. పైగా అమ్మ బీపీ మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు ఒంట్లో నీరు లాగే మందు కూడా ఉంది. వీటికి నొప్పి మాత్ర తోడైతే కిడ్నీల మీద భారం ఇంకా ఎక్కువ. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

ఆ రెండూ ఆపేశాం. బీపీ మాత్ర మాత్రం సొంతంగా మానలేదు, డాక్టర్‌కు అట్టతో సహా చూపించాం. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించారు. పుండు మానడానికి పరగడుపున పాంటోప్రజోల్, నొప్పికి చెప్పిన మోతాదులోనే పారాసెటమాల్, మోకాలికి పైపూత జెల్. జెల్‌లో ఉన్నదీ డైక్లోఫెనాకే, కానీ రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువట. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టడం రోజూ చేయిస్తున్నాను. నెల దాటాక మెట్లెక్కడం తేలికైంది.

మొన్న పక్కింటి పెద్దమ్మ కూడా తన డబ్బా తెచ్చింది. అందులోనూ అవే రెండు అట్టలు. సోమవారం ఆమెనూ వెంటబెట్టుకుని వెళ్తున్నాను.