పాత లారీకి పొల్యూషన్ పరీక్ష: లోడింగ్ సీజన్‌కు ముందే చూసుకోవాల్సిన సంగతులు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం వైపు మన తెలుగు వాళ్ల చేతుల్లో పాత లారీలు ఇంకా చాలానే నడుస్తున్నాయి. వానలు తగ్గి దసరా దాటిందంటే ధాన్యం లోడూ, జేకేపూర్ పేపర్ మిల్లుకి కర్ర లోడూ దాదాపు ఒకేసారి మొదలవుతాయి. అప్పుడు బండి ఒక్క రోజు షెడ్డులో నిలబడినా నష్టమే. అందుకని పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడు తీరుతుందో ఇప్పుడే చూసుకోండి. బీఎస్-3 (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకి ప్రభుత్వం దశలవారీగా పెట్టిన హద్దు), అంతకన్నా పాత బండ్లకి అది ఆరు నెలలే నడుస్తుంది, బీఎస్-4 నుంచి ఏడాది. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష కూడా ఉంటుంది కాబట్టి రెండు తేదీలూ కలిపి చూసుకోవాలి. సర్టిఫికెట్ లేకుండా దొరికితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పైగా డ్రైవర్ లైసెన్స్ మూడు నెలలు పోతుంది.

అన్నిటికన్నా ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. పరీక్ష కోసమని ఇంజిన్‌కి డీజిల్ అందించే పంపు దగ్గర స్క్రూ తిప్పి డీజిల్ తగ్గించే పని ఒప్పుకోకండి. పొగ తగ్గుతుంది, చేతికి కాగితం వస్తుంది. కానీ బండిలో బలం పోతుంది. ఆ బండికి నిండా లోడు ఎత్తి సాలూరు దాటించి సుంకి ఘాట్ ఎక్కించమంటే మలుపు మధ్యలో మొరాయిస్తుంది. చిన్న గేర్లలో గంటల తరబడి లాగితే ఇంజిన్ వేడెక్కుతుంది, వెనక్కి జారే ప్రమాదమూ ఉంది. కాగితం కోసం డ్రైవర్ ప్రాణాన్ని పణంగా పెట్టకూడదు. పొగ ఎందుకొస్తోందో కనుక్కుని దాన్ని బాగు చేయించాలి. అందుకు వరస కూడా ఉంది: ముందు గాలి, తర్వాత నాజిళ్లు (డీజిల్‌ని ఇంజిన్‌లోకి సన్నగా చిమ్మే మొనలు), చివరికి పంపు.

పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ వరస ఎందుకో అర్థమవుతుంది. బండి న్యూట్రల్‌లో ఉండగా సైలెన్సర్ గొట్టంలో గొట్టం లాంటి పరికరం పెట్టి, ఆక్సిలరేటర్‌ని ఒక్కసారిగా పూర్తిగా తొక్కిస్తారు. ఆ క్షణంలో వచ్చే పొగ వెలుగుని ఎంత అడ్డుకుందో మిషను కొలుస్తుంది. అలా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. బీఎస్-4 కన్నా పాత డీజిల్ బండికి పొగ చిక్కదనం 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అదే స్లిప్ మీద కె-విలువ అనే లెక్కలో చూస్తే 2.45 దాటకూడదు. బీఎస్-4కి 50 యూనిట్లు, అంటే 1.62. ఒక్కసారిగా తొక్కినప్పుడు డీజిల్ ఎక్కువ పడి, దానికి తగ్గ గాలి అందకపోతే నల్లపొగ వస్తుంది. పాత బండ్లు ఎక్కువగా తప్పేది అక్కడే.

కాబట్టి గాలితో మొదలుపెట్టండి. కూనేరు, కొమరాడ వైపు గతుకుల రోడ్ల మీదా, గనుల దారుల్లోనూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కన్నా ముందే మూసుకుపోతుంది. బయటి వైపు నుంచి కంప్రెసర్ గాలి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. లోపలి నుంచి బయటికి, అదీ మెల్లగా కొట్టాలి. పేపర్ చిరిగినా, అంచు రబ్బరు వదులైనా మార్చెయ్యండి. ఆయిల్ పోసే పాత రకం ఫిల్టర్ ఉంటే గుర్తు దాటి నూనె పొయ్యకండి. నూనె ఎక్కువైతే ఇంజిన్ దాన్ని లోపలికి లాక్కుని డీజిల్‌లా మండిస్తుంది. అప్పుడు తాళం తిప్పినా ఇంజిన్ ఆగదు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉన్న బండైతే టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపులు, క్లిప్పులు చేత్తో తడిమి చూడండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. సన్నని చీలిక ఉన్నా గాలి తప్పించుకుపోయి పొగ పెరుగుతుంది. బీఎస్-4 బండ్లలో ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) మసితో తెరుచుకునే ఉండిపోయినా ఇదే బాధ.

పొగ రంగు మెకానిక్‌కి సగం సంగతి చెప్పేస్తుంది. నలుపైతే గాలి తక్కువ, లేదా డీజిల్ ఎక్కువ. నీలం రంగు ఉంటే ఇంజిన్ ఆయిల్ మండుతోందని అర్థం. రింగులో, వాల్వ్ సీల్సో, టర్బో సీలో చూపించుకోవాలి. తెల్లవారుజామున చలికి కాసేపు తెల్లపొగ రావడం మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే టైమింగ్, అంటే డీజిల్ పడే సమయం, చూపించండి. దానితో పాటు రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ పోయిందేమో చూపించాలి, ఆ బండిని లోడుకి పంపకండి.

మన వైపు ఇంకో అలవాటు ఉంది. ఎండాకాలం ఇంజిన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తారు. అది లేని ఇంజిన్ తగినంత వేడికి రాదు, డీజిల్ సరిగా మండదు. తీసేసి ఉంటే కొత్తది వేయించండి.

నాజిళ్లు నాజిల్ టెస్టర్ మీద పెట్టి చూడాలి. చుక్కలుగా కారేది, ఒక పక్కకే కొట్టేది మార్చాలి. టెస్టర్ దగ్గర చెయ్యి అడ్డం పెట్టకండి, షెడ్డులో కుర్రాళ్లని కూడా పెట్టనివ్వకండి. 200 బార్ చుట్టూ ఒత్తిడితో వచ్చే ఆ సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. గాయం సూది గుచ్చినట్టు చిన్నగానే కనిపిస్తుంది, కానీ చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావొచ్చు. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. టాపెట్ సెట్టింగ్ (వాల్వుల సందు సరిచేయడం) కూడా అదే రోజు చేయించుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా పొగ తగ్గకపోతే పంపు విప్పించి, కాలిబ్రేషన్ బెంచి ఉన్న పంపు రూములో కంపెనీ లెక్క ప్రకారం సెట్ చేయించి సీలు వేయించండి. స్పీడు స్క్రూ సీలు ఎప్పుడో తెగి ఉంటే మాత్రం పరీక్షకి వెళ్లే ముందే ఇది తప్పనిసరి. పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ వేగం హద్దు దాటకుండా ఆపాల్సింది పంపుకి ఉండే గవర్నరే. అది పట్టుకోకపోతే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు పగలొచ్చు, పక్కన నిలబడ్డ వాళ్లకీ ప్రమాదం.

కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలచన, టర్బో లేని బండి కింద కన్నా కొంచెం ఎక్కువ పొగ వదులుతుంది. హద్దుకి దగ్గర్లో ఉన్న బండిని రాయగడలోనో పార్వతీపురంలోనో చేయించుకోవడం మేలు. సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, ఒడిశా నంబరు బండికి ఆంధ్రాలో చేయించినా ఇబ్బంది లేదు.

పరీక్ష రోజు ముందుగా డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్లు బయటికి వదిలెయ్యండి, వానాకాలం తర్వాత తప్పకుండా ఉంటాయి. ఇంజిన్ ఆయిల్, ఫ్యాన్ బెల్టు చూడండి. తర్వాత ఓ ఇరవై ముప్పై కిలోమీటర్లు మంచి రోడ్డు మీద నడిపి నేరుగా సెంటర్‌కి వెళ్లండి. ఇంజిన్ ఆయిల్ కనీసం 60 డిగ్రీల వేడికి రావాలి, సైలెన్సర్‌లో పేరుకున్న మసి కూడా కొంత ఎగిరిపోతుంది. లైను పెద్దదైతే ఐడిల్‌లో పెట్టి కూర్చోకండి, మళ్లీ మసి చేరుతుంది. పరీక్ష చేసేటప్పుడు చక్రాలకి అడ్డు రాళ్లు, హ్యాండ్ బ్రేకు ఉండాలి. నాలుగు గోడల మధ్య ఇంజిన్ తొక్కించనివ్వకండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

బండి తేకుండానే స్లిప్ ఇస్తామనే వాళ్లు దొరుకుతారు. తీసుకోకండి. నంబరు ప్లేటుతో బండి ఫోటో, రీడింగు రెండూ ఆన్‌లైన్ రికార్డుకి వెళ్తాయి కాబట్టి పట్టుబడితే ఇరుక్కునేది ఓనరే. అంతకన్నా ముఖ్యం, ఆ పొగని రోజంతా పీల్చేది మన డ్రైవరూ, క్లీనరూ, వెనకాల బండి మీద వచ్చే పిల్లలూ. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. సైలెన్సర్‌కి బొక్క ఉంటే గాలి కలిసి రీడింగ్ తగ్గుతుందని కొందరు అలాగే వదిలేస్తారు. ఆ బొక్కలోంచి వచ్చే పొగ క్యాబిన్‌లోకే వస్తుంది. అతికించండి.

ఫెయిలైతే ఊరికే వచ్చెయ్యకండి, రీడింగ్ ఎంత వచ్చిందో అడిగి రాసుకోండి. 2.45కి 2.7 వచ్చిన బండికీ 5 వచ్చిన బండికీ వైద్యం వేరు. మొదటిదానికి ఫిల్టరూ నాజిళ్లతో సరిపోవచ్చు, రెండోదానికి కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించాక గానీ ఖర్చు పెట్టకండి. పాసైతే స్లిప్ మీద నంబరు, ఇంజిన్ రకం సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చూసుకుని, ఓటీపీకి ఓనర్ ఫోన్ నంబరే ఇవ్వండి. ఆ రీడింగ్‌ని కిలోమీటర్లతో సహా బండి పుస్తకంలో ఎక్కించండి. ఈసారి 1.3 ఉండి వచ్చేసారి 2.1 వస్తే, పాసైనా సరే, నాజిళ్లు విప్పించాల్సిన సమయం వచ్చిందన్నమాట.